విప్పి బిగించిన యంత్రం: హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలలో ఇంటి కంప్యూటర్ మరమ్మతు చరిత్ర

గుంతకల్లు నుంచి బెంగళూరుకు సాగే రైలుమార్గంలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరుసగా వస్తాయి. మొదటిది పట్టుచీరల ఊరు. రెండవది 1565 నాటి తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర ప్రభువులు రాజధానిగా చేసుకొన్న కోట పట్టణం. మూడవది బెల్లం, చింతపండు, మిరపకాయలు, పట్టుగూళ్ళ మార్కెట్లతో ఎదిగిన సరిహద్దు వ్యాపార కేంద్రం. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేవరకు అనంతపురం జిల్లాలో భాగంగా ఉన్న ఈ మూడు పట్టణాలలో ఇంటి కంప్యూటర్ చరిత్రను అమ్మకాల లెక్కగా కాక మరమ్మతు వృత్తి చరిత్రగా చదవడమే సమంజసం. డెస్క్‌టాప్ కంప్యూటర్ చాలా ఇళ్ళకు ఒకే పెట్టెలో పూర్తి రూపంతో రాలేదు. విడిభాగాలుగా వచ్చి, ఊళ్ళోనే కూర్పు పొంది, చెడినప్పుడొక భాగాన్నీ, చాలనప్పుడొక భాగాన్నీ మార్చుకొంటూ ఏళ్ళ తరబడి కొనసాగింది. ఆ కొనసాగింపు వెనుక అమెరికాలో జరిగిన ఒక నిర్ణయం ఉంది, బెంగళూరు సామీప్యం ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, యంత్రాన్ని మొత్తంగా పారవేయకుండా భాగాలవారీగా పెంచుకొనే అలవాటు ధర్మవరం మగ్గానికి కంప్యూటర్ రాకముందే ఉంది.

అమెరికా నిర్ణయం 1981 నాటిది. ఆ ఏడాది ఆగస్టు 12న ఐబీఎం సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌లో లెక్కలు చేసే ప్రధాన చిప్ అయిన ప్రాసెసర్ ఇంటెల్‌ది, యంత్రాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్ అయిన ఆపరేటింగ్ సిస్టం మైక్రోసాఫ్ట్‌ది. భాగాలన్నిటినీ కలిపే పెద్ద పలక, అంటే మదర్‌బోర్డు మీద కొన్ని స్లాట్లను ఖాళీగా వదిలి, ఎవరు తయారుచేసిన కార్డునైనా వాటిలో గుచ్చుకొనే వీలు కల్పించడమే కాక, బోర్డు సర్క్యూట్ వివరాలను కూడా ఆ సంస్థ పుస్తకంగా అచ్చువేసి అమ్మింది. ఐబీఎం తన సొంతమని గట్టిగా కాపాడుకొన్నది బయాస్‌ను మాత్రమే. స్విచ్ వేయగానే ముందుగా మేలుకొని, జ్ఞాపకశక్తినీ కీబోర్డునూ తెరనూ తడిమి చూసి, అన్నీ సవ్యంగా ఉంటే ఆపరేటింగ్ సిస్టంను పిలిచే చిన్న ప్రోగ్రాం పేరు బయాస్. దానిని నకలు చేయకుండా, పనితీరును మాత్రమే గమనించి కొత్తగా రాయించుకొన్న కంపాక్ సంస్థ 1983 నుంచి ఐబీఎంతో సరిపోలే యంత్రాలను అమ్మడంతో, ఆ నమూనా ఎవరి గుత్తసొత్తూ కాకుండా పోయింది. తైవాన్ కర్మాగారాలు బోర్డులను, కార్డులను, కేబినెట్లను తయారుచేయసాగాయి; 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ కొలతలతో ఏ కంపెనీ బోర్డైనా ఏ కంపెనీ పెట్టెలోనైనా అవే రంధ్రాలలో అవే మరలతో కూర్చొనే స్థితి స్థిరపడింది. మన దేశంలో 1984 నవంబరు నాటి కంప్యూటర్ విధానం దిగుమతి ఆంక్షలను సడలించింది. 1997లో భారతదేశం చేరిన సమాచార సాంకేతిక ఒప్పందం ప్రకారం కంప్యూటర్ భాగాల మీది కస్టమ్స్ సుంకం 2005 నాటికి సున్నాకు చేరింది. చిన్న ఊరి ఇంట్లోకి కంప్యూటర్ అడుగుపెట్టడానికి ఈ సుంకం తగ్గుదల చేసినంత మేలు ఏ ప్రకటనా చేయలేదు.

ఆ భాగాలు ఈ ప్రాంతానికి చేరిన దారి బెంగళూరులోని సదర్ పత్రప్ప రోడ్డు నుంచి మొదలవుతుంది. ఎస్‌పీ రోడ్డుగా అందరికీ తెలిసిన ఆ ఇరుకు వీధి ఇనుప సామాను, విద్యుత్ సామగ్రి దుకాణాలతో మొదలై, క్రమంగా ఎలక్ట్రానిక్ భాగాలకూ, ఆపై కంప్యూటర్ భాగాలకూ దక్షిణాదిలో పేరున్న బజారైంది. అప్పట్లో రాష్ట్ర రాజధానిగా ఉన్న హైదరాబాదు హిందూపురానికి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం. బెంగళూరు నూరు కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఉంది. ఉదయం రైలెక్కి వెళ్ళి, ఎస్‌పీ రోడ్డులో బోర్డు, ప్రాసెసర్, తాత్కాలిక జ్ఞాపకశక్తి అయిన ర్యామ్ కొనుక్కొని, అదే రోజు రాత్రికి తిరిగివచ్చే వీలున్న చోట సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు చూడవలసిన అవసరం ఎవరికీ ఉండదు. పైగా హిందూపురం, మడకశిర ప్రాంతాలలో తెలుగుతో పాటు కన్నడం కూడా ఇంటిభాషే కాబట్టి, బేరమాడటానికీ, చెడిన భాగాన్ని వారంటీ కింద మార్పించుకోవడానికీ భాష అడ్డు రాలేదు. సరిహద్దు మాత్రం పన్నుల రూపంలో ఉండేది. రెండు రాష్ట్రాల అమ్మకపు పన్నుల తేడాలు 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చేవరకు ధరలను ప్రభావితం చేశాయి.

ధర్మవరం సంగతి విడిగా, కాస్త నిదానంగా చెప్పుకోవలసినది. అక్కడి గుంటమగ్గంలో నేతగాడు గుంటలో కాళ్ళుంచి, తొక్కుడు కర్రలతో పడుగు దారాలను పైకీ కిందికీ విడదీసి, ఆ సందులోంచి పేక చుట్టిన నాడెను విసురుతాడు. సాదా నేతకు ఇది చాలు. అంచులో నెమలి, కొంగులో మామిడి పిందె, ఒడలిలో బుటా రావాలంటే మాత్రం ప్రతి పేకకూ వేరు వేరు పడుగు దారాలు లేవాలి; ఆ ఎంపికను చేసే సాధనమే మగ్గం పైన బిగించే జాకార్డ్ పెట్టె. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో 1725లో బూషోన్ చిల్లుల కాగితంతో మొదలుపెట్టిన ప్రయత్నాన్ని 1804లో జోసెఫ్ మరీ జాకార్డ్ పనికివచ్చే యంత్రంగా తీర్చాడు. ఒక్కో పేకకు ఒక్కో అట్ట చొప్పున దండగా కుట్టిన అట్టలు ఈ పెట్టె మీద తిరుగుతూ ఉంటాయి. అట్టలో చిల్లు ఉన్నచోట సూది లోనికి దూరి, దానికి తగిలించిన హుక్కు తన దారాన్ని పైకి లేపుతుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెట్టి హుక్కును పక్కకు తప్పిస్తుంది కనుక దారం కిందనే ఉండిపోతుంది. ఉంది, లేదు అనే రెండే మాటలతో ఎంత జటిలమైన చిత్రాన్నైనా చెప్పవచ్చునని లోకానికి తెలిపిన మొదటి సాధనాలలో ఇది ఒకటి. చార్లెస్ బాబేజ్ 1830లలో తలపెట్టిన గణనయంత్రానికి ఈ అట్టలనే స్వీకరించాడు. 1890 అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డులతో పట్టిక యంత్రాలు తయారుచేశాడు. అతడి సంస్థ మరికొన్నిటితో కలిసి 1924లో ఐబీఎం అనే పేరు ధరించింది. ధర్మవరం పడుగు మీద వేలాడే అట్టల దండకూ 1981 నాటి పర్సనల్ కంప్యూటర్‌కూ మధ్య ఇంత స్పష్టమైన వంశక్రమం ఉండటం ఈ ఊరికి గర్వకారణమే.

వంశక్రమం కన్నా విలువైనది పనితీరులోని పోలిక. మగ్గం నిలకడగా ఉంటుంది, పైనున్న పెట్టె మారుతుంది. చిన్న అంచుకు 120 హుక్కుల పెట్టె చాలితే, పెద్ద అంచుకు 240, మరింత వివరమైన కొంగుకు 480 హుక్కుల పెట్టె కావాలి. దాని కోసం నేతగాడు మగ్గాన్ని విరగ్గొట్టి కొత్తది పాతుకోడు, పెట్టెను దింపి పెద్దది ఎక్కించి, దారాల కట్లను సరిచేసుకొంటాడు. లోపాన్ని కనిపెట్టే పద్ధతి కూడా అలాగే తర్కబద్ధమైనది. గుడ్డలో అడ్డంగా, ఒకే పేకలో తప్పు కనబడి, డిజైను తిరిగివచ్చిన ప్రతిసారీ అదే చోట మళ్ళీ వస్తే దోషం అట్టలో ఉన్నట్టు. ఆ అట్టను వెతికి, అదనపు చిల్లుకు కాగితం అంటించడమో, పడని చిల్లును కొట్టడమో చేస్తారు. తప్పు నిలువుగా, గీతలాగా గుడ్డ పొడవునా సాగితే దోషం హుక్కులోనో సూదిలోనో తెగిన దారంలోనో ఉన్నట్టు. మొదటిది సూచనలలోని తప్పు, రెండవది పరికరంలోని తప్పు. కంప్యూటర్ మరమ్మతులో సాఫ్ట్‌వేర్ లోపాన్నీ హార్డ్‌వేర్ లోపాన్నీ వేరుచేయడం అంటే ఇదే. ఆ విచక్షణను బడిలో నేర్చుకోవలసిన అగత్యం మగ్గమున్న ఇంటి పిల్లలకు అంతగా ఉండదు.

డిజైను తయారీలో కంప్యూటర్ ప్రవేశం ఈ నేపథ్యంలోనే జరిగింది. పూర్వం డిజైనరు గళ్ళ కాగితం మీద ఒక్కో గడిని ఒక్కో పడుగు-పేక కూడలిగా భావించి రంగు నింపేవాడు. దానిని వరుస వరుసగా చదువుతూ మరొకరు అట్టలు కొట్టేవారు. ఒక చీర అంచుకూ కొంగుకూ కలిపి అట్టలు వందల నుంచి వేల వరకు పోతాయి కాబట్టి, ఒక్క గడి పొరపాటు ఖరీదైనది. కంప్యూటర్ తెర మీది చుక్కలు కూడా గళ్ళే. ఆ గళ్ళలో గీసిన బొమ్మను అద్దంలో ప్రతిబింబంలా తిప్పడం, పెంచడం, అరగంటలో రంగుల జతలు మార్చి చూడటం సాధ్యమైనప్పుడు, గళ్ళ కాగితం వెనుకబడక తప్పలేదు. తరువాత వచ్చిన ఎలక్ట్రానిక్ జాకార్డ్‌లో అట్టలే ఉండవు; జ్ఞాపకంలో దాచిన డిజైనును చదివి విద్యుదయస్కాంతాలు హుక్కులను ఎంచుతాయి. ఈ మార్పుతో కంప్యూటర్ చెడితే కొత్త డిజైను ఆగిపోయే పరిస్థితి ఏర్పడింది, కనుక మరమ్మతు అనేది సరదా వ్యవహారం కాకుండా జీవనాధారానికి సంబంధించిన విషయమైంది.

పెనుకొండ, హిందూపురాలలో కంప్యూటర్‌కు గిరాకీ కచేరీల చుట్టూ పుట్టింది. 1998 నవంబరు 4న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ అనే పేరుతో కంప్యూటరీకరణను ప్రారంభించి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలకు దశలవారీగా విస్తరించింది. కార్యాలయం లోపల కంప్యూటర్ చేరగానే, బయట చెట్టు కింద దస్తావేజులు రాసే లేఖరులకూ, జిరాక్సు కొట్లకూ దాని అవసరం కలగడం సహజం. పెనుకొండ రెవెన్యూ డివిజన్ కేంద్రం కావడం వల్ల, హిందూపురం వ్యాపార కేంద్రం కావడం వల్ల శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాల పుటలను కంప్యూటర్ మీద కూర్చే డీటీపీ పని కూడా తోడైంది. తెలుగు అచ్చుపని చాలాకాలం అను వంటి ప్రత్యేక ఫాంట్ల మీద నడిచింది. వివిధ లిపులకు ఉమ్మడి సంకేత పట్టిక అయిన యూనికోడ్ 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగు లిపికి చోటు దొరికినా, సాధారణ వాడుకరికి అది విండోస్ ఎక్స్‌పీ, దానితో వచ్చిన గౌతమి ఫాంటుల ద్వారానే అందింది. ఈ కారణంగా ఇక్కడి మరమ్మతుదారుడికి ఒక అదనపు బాధ్యత ఉండేది: డిస్కును ఫార్మాట్ చేసి విండోస్‌ను మళ్ళీ ఎక్కించేటప్పుడు, ఫాంట్లనూ కీబోర్డు అమరికనూ ముందే భద్రపరచకపోతే, అప్పటివరకు టైపు చేసిన దస్తావేజులన్నీ అర్థంలేని గుర్తులుగా మారిపోయేవి.

మరమ్మతు విద్య ఇక్కడి నేలకూ ఎండకూ తగ్గట్టు రూపుదిద్దుకొంది. దేశంలోనే అతి తక్కువ వర్షపాతం ఉన్న ప్రాంతాలలో ఇది ఒకటి. ఎండిన నేల విద్యుత్తును సులభంగా పోనివ్వదు, కాబట్టి ఎర్తింగు కోసం గుంత తీసి ఉప్పు, బొగ్గు వేసి, వేసవిలో నీరు పోస్తూ ఉండాలి. అది సరిగా లేని ఇంట్లో కంప్యూటర్ పెట్టెను తాకితే చేయి జివ్వుమంటుంది. దీనికి కారణం లోపలెక్కడో తీగ తెగి పెట్టెకు తగలడం అని చాలామంది భయపడతారు గాని, ఎక్కువ సందర్భాలలో అసలు కారణం వేరు. గోడలోని 230 వోల్టుల విద్యుత్తును బోర్డుకు కావలసిన 12, 5, 3.3 వోల్టులకు దించే ఎస్‌ఎంపీఎస్ అనే పెట్టెలో విద్యుత్ సంకేతాల రొదను అణచే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి మధ్యబిందువు లోహపు పెట్టెకు కలిసి ఉంటుంది. ఎర్తు తీగ ఉంటే ఆ స్వల్ప విద్యుత్తు నేలలోకి పోతుంది, లేకపోతే పెట్టె మీద సగం వోల్టేజి నిలిచి, తాకినవారి ద్వారా దారి వెతుక్కొంటుంది. మూడు పిన్నుల ప్లగ్గులో మూడవ పిన్నును నిజంగా నేలకు కలపడమే దీనికి మందు. ఈ సంగతి తెలిసిన మెకానిక్కు ముందుగా గోడ ప్లగ్గును పరీక్షించేవాడు. తెలియనివాడు ఎస్‌ఎంపీఎస్‌ను మార్చి డబ్బు తీసుకొనేవాడు, జివ్వుమనడం మాత్రం ఆగేది కాదు.

వేడి ప్రభావం మరింత తీవ్రమైనది. హిందూపురం 600 మీటర్లకు పైగా ఎత్తులో ఉండి కొంత చల్లగా ఉన్నా, చాలా దిగువనున్న ధర్మవరంలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బోర్డు మీద విద్యుత్తును నిలకడ చేసే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి పది డిగ్రీల వేడికీ సుమారు సగానికి తగ్గుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో స్థిరపడిన లెక్క. దానికి తోడు 2000 తరువాతి తొలి సంవత్సరాలలో ప్రపంచమంతటా నాసి ద్రావకంతో తయారైన కెపాసిటర్లు బోర్డులలోకి చేరి, తలలు ఉబ్బి, కారి, కంప్యూటర్లను కారణం తెలియకుండా ఆపివేశాయి. పెద్ద నగరాలలో బోర్డు మార్చడమే చికిత్స అయితే, టంకం కడ్డీ పట్టడం టీవీల మీద నేర్చుకొన్న చిన్న ఊళ్ళ మెకానిక్కులకు ఉబ్బిన వాటిని పీకి కొత్తవి అతికించడం తెలిసిన పనే. పాత రేడియో, టీవీ వృత్తి కొత్త వృత్తికి ఇచ్చిన ఆస్తి ఇది. దానికి తగిన గుర్తింపు ఎప్పుడూ దక్కలేదు.

1999 ఏప్రిల్ 26 మరమ్మతుదారుల జ్ఞాపకంలో ఉండదగిన రోజు. తైవాన్ విద్యార్థి ఒకడు రాసిన సీఐహెచ్ వైరస్ ఆ రోజున మేలుకొని, హార్డ్ డిస్కు మొదటి భాగాన్ని చెరిపివేయడంతో పాటు బయాస్ చిప్‌ను కూడా పాడుచేసింది. ఆసియా దేశాలలో దాని నష్టం పెద్దది. బయాస్ లేని బోర్డు నల్లని తెర చూపిస్తుందే గాని మాట్లాడదు. దానికి కనిపెట్టిన ఉపాయం సాహసోపేతమైనది: అదే రకం బోర్డును ఆన్ చేసి, నడుస్తుండగానే దాని బయాస్ చిప్‌ను జాగ్రత్తగా పెకలించి, ఆ స్థానంలో చెడిన చిప్‌ను గుచ్చి, అందులో కొత్తగా బయాస్‌ను రాయడం. మామూలు రోజులలో వచ్చే ఇబ్బందులు ఇంతకన్నా చాలా సాధువైనవి. యంత్రం ఆగకుండా కూత పెడుతూ ఉంటే సాధారణంగా ర్యామ్ సరిగా కూర్చోలేదని, ఒక దీర్ఘ ధ్వని, రెండు హ్రస్వ ధ్వనులు వస్తే అవార్డ్ బయాస్ ఉన్న బోర్డులలో తెరకు సంబంధించిన కార్డు దొరకలేదని అర్థం. ర్యామ్ పట్టీ అంచునున్న పసుపు పూత మీద మసి పేరుకొంటే పెన్సిల్ రబ్బరుతో రుద్ది తుడవడం ఊరూరా తెలిసిన చిట్కా. గడియారం ప్రతిసారీ వెనక్కి పోతే, బోర్డు మీది 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ అయిపోయినట్టు. ఉరుముల కాలంలో టెలిఫోన్ తీగ గుండా పిడుగు ప్రభావం వచ్చి డయల్ అప్ మోడెమ్‌ను మాడ్చేది, కనుక మబ్బు కమ్మగానే తీగ పీకడం ఒక ఆచారమైంది.

మరమ్మతుకూ పెంపుదలకూ మధ్య గీత పలుచనిది, ఎందుకంటే చెడిన భాగం దొరకనప్పుడు దాని స్థానంలో మేలైనది చేరుతుంది. దీనిని ముందుకు నెట్టింది సాఫ్ట్‌వేరే. మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస ర్యామ్ విండోస్ 95కు 4 ఎంబీ, విండోస్ 98కి 16 ఎంబీ, 2001 నాటి ఎక్స్‌పీకి 64 ఎంబీ, 2009 నాటి విండోస్ 7కు 1 జీబీ. అంటే పద్నాలుగేళ్ళలో 256 రెట్లు. ప్రతి మెట్టులోనూ ఇంటివారు వేసే ప్రశ్న ఒక్కటే: ఉన్నదానికి కలపవచ్చా, లేక అంతా మార్చాలా? జవాబు పట్టీల పిన్నుల మీద ఆధారపడేది. 168 పిన్నుల ఎస్‌డీర్యామ్ స్లాటులో 184 పిన్నుల డీడీఆర్ కూర్చోదు. 240 పిన్నుల డీడీఆర్2, డీడీఆర్3లు సంఖ్యలో సమానమైనా, గాటు వేరుచోట ఉండటం వల్ల ఒకదానిలో ఒకటి ఇమడవు. ఒక తరం ర్యామ్ బజారులో కరవైనప్పుడు బోర్డు మారాలి, బోర్డుతో ప్రాసెసర్ మారాలి, ఆ రెండింటికీ తగ్గ ఎస్‌ఎంపీఎస్ కావాలి. పాత కేబినెట్, కీబోర్డు, తెర మాత్రం మిగులుతాయి. తీసివేసిన ముక్కలు దుకాణం అరలోకి చేరి, అదే తరం యంత్రమున్న మరొక ఇంటికి సగం ధరకు వెళ్ళేవి. ఇలాంటి చక్రం వల్లనే, కొత్తది కొనే శక్తి లేని ఇంటికి కూడా కంప్యూటర్ అందింది. విద్యావకాశాల చరిత్ర రాసేవారు ఈ సెకండ్ హ్యాండ్ అరలను విస్మరించడం అన్యాయం.

ల్యాప్‌టాప్, ఆపై స్మార్ట్ ఫోన్ రావడంతో ఈ వృత్తి సన్నగిల్లింది. ల్యాప్‌టాప్‌లో మారే భాగాలు తక్కువ. ఫోనులో దాదాపు లేవు. అయినా 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి తరగతులు ఇంటికి మారినప్పుడు, అటకల మీది పాత డెస్క్‌టాప్‌లకు మళ్ళీ పని కలిగింది. అప్పటికే చౌకబడిన ఎస్‌ఎస్‌డీ వాటికి కొత్త ఊపిరి పోసింది. తిరిగే పళ్ళెం మీద సమాచారాన్ని వెతికే హార్డ్ డిస్కుకు బదులు కదిలే భాగాలే లేని చిప్పులలో సమాచారాన్ని దాచే ఈ పరికరాన్ని పదేళ్ళ నాటి యంత్రానికి తగిలిస్తే, నిమిషాలు పట్టే ప్రారంభం సెకన్లకు దిగుతుంది. 2003 నుంచి వాడుకలో ఉన్న సాటా తీగే దీనికీ సరిపోవడం, నలభై ఏళ్ళ కిందటి ఆ బహిరంగ నమూనా ఇంకా ఫలమిస్తున్నదనడానికి నిదర్శనం.

ఆ నమూనాకు ఎదురైన సరికొత్త ఆటంకం మరొక తేదీ రూపంలో వచ్చింది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 మాత్రం టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటునూ, ఇంటెల్ యంత్రాలలో దాదాపు ఎనిమిదో తరం, ఆ తరువాతి ప్రాసెసర్లనూ కోరుతుంది. ర్యామ్ పెంచి, ఎస్‌ఎస్‌డీ తగిలిస్తే చక్కగా నడిచే పాత డెస్క్‌టాప్ కూడా ఈ గడప దాటలేదు. ఉచితంగా దొరికే లినక్స్‌కు మారడం, లేదా బోర్డునూ ప్రాసెసర్‌నూ కలిపి మార్చడం ఇంటర్నెట్ అవసరమున్న ఇళ్ళ ముందున్న దారులు. చీర అంచు డిజైను గీసి అట్టలు కొట్టించడానికే వాడే యంత్రానికి ఆ తొందర లేదు. దాని నెట్ తీగ తీసివేసి, డిజైనులను పెన్‌డ్రైవ్‌లో వేరుగా భద్రపరచి, ఉబ్బిన కెపాసిటర్లు మార్చుకొంటూ ఇంకొన్నేళ్ళు నడుపుకోవచ్చు.